భర్త సంతకం తప్పనిసరా?

ప్రశ్న: నా వయసు 27. తొమ్మిదో వారం. ఈ గర్భం వద్దనుకుంటున్నాను. ఆసుపత్రిలో భర్త సంతకం తెమ్మంటున్నారు. చట్టంలో అలా ఉందా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: లేదమ్మా. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం 18 ఏళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలంటుంది. సమ్మతి పత్రమైన ‘ఫారం సి’లో సంతకం మీదే. 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. రేపు భర్త వచ్చి గొడవ చేస్తే ఎలా అని డాక్టర్లు జంకుతారు. ఆ భయం నిజమే. కానీ సదుద్దేశంతో చేసిన వైద్యానికి ఇదే చట్టం, 8వ సెక్షన్‌లో, రక్షణ ఇచ్చింది. వాళ్ల జంకుకు మీ హక్కు బలి కాకూడదు. కుటుంబ సభ్యుల సమ్మతి వంటి అదనపు షరతులు పెట్టవద్దని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీ వివరాలు అనధికారికంగా బయటపెడితే ఏడాది దాకా జైలు. మందుల షాపులో మాత్రలు కొని మింగకండి. ఆలస్యం చేయక ప్రభుత్వాసుపత్రి ప్రసూతి విభాగానికి వెళ్లండి.