ఊరి నుంచి ఊరికి కొత్త రోడ్డు: ముందు నీళ్ల దారి చూడండి

అయ్యా, మా ఊరి నుంచి పక్క ఊరికి పుంత దారిన 2.5 కిలోమీటర్లు. వానాకాలమంతా మోకాటి లోతు బురద కాబట్టి మండల కేంద్రం మీదుగా 11 కిలోమీటర్లు చుట్టి వెళ్తాం. ఇప్పుడు తారురోడ్డు వేస్తామంటున్నారు. పుంత వెంబడే వెయ్యాలని కొందరు, పొలాలకు అడ్డంగా వేస్తే అర కిలోమీటరు కలిసొస్తుందని కొందరు. ఏది మేలు?
— ఒక రైతు, కృష్ణా జిల్లా

పుంత వెంబడే వేయించుకోండి. రోడ్డు కట్ట వెడల్పు 6 మీటర్లే అనుకున్నా కిలోమీటరుకు దాదాపు ఎకరంన్నర నేల పోతుంది. పొలాల్లోంచి వెళ్తే అంత భూమీ రైతుల దగ్గర తీసుకోవాలి. ఒక్కరు అడ్డం తిరిగినా పని ఏళ్ల తరబడి ఆగుతుంది. పుంత సర్కారు పోరంబోకు, ఆ పేచీ ఉండదు.

అయితే ఇవాళ మీ కంటికి కనిపించేది అసలు పుంత కాకపోవచ్చు. ఇరుపక్కల గట్లు ఏటా కాస్త కాస్త లోపలికి జరిగి ఉంటాయి. రెండు పంచాయతీలూ కలిసి మండల సర్వేయర్‌తో ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) ప్రకారం కొలిపించి, హద్దురాళ్లు పాతించండి. అంచనాలు ఆ తర్వాతే వెయ్యాలి.

ఇక నీళ్ల సంగతి. రోడ్లను చంపేది లారీల కంటే ముందు నీళ్లే. తరాలుగా బండ్లు తిరిగిన పుంత పక్క చేల కంటే పల్లమై ఉంటుంది, వాన పడితే అదే కాలువ. దాన్ని చదును చేసి పైన తారు పోస్తే ఆ పల్లం తారు కిందే ఉండిపోతుంది. అందులోనూ నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. మంచి గ్రావెల్‌తో కట్ట ఎత్తు చేసి, పక్కన కాలువలు తీసి, అప్పుడు మెటల్ పరచాలి.

కట్ట లేచాక ఇంకో చిక్కు వస్తుంది. ఎగువ చేల నీరు దిగువకు పోయే బోదెలు, మురుగు కాలువలు మూసుకుపోతాయి. తూము పెట్టని చోట ఎగువ రైతు వరి మునుగుతుంది. కడుపు మండి ఆయనే గడ్డపారతో రోడ్డుకు గండి కొడతాడు, ఆయన్ని తప్పుపట్టలేం. ఎక్కడ తూము కావాలో కాగితం మీద గీత చూసి చెప్పడం కష్టం. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో ఇలాంటి వాటి కోసమే ‘ట్రాన్సెక్ట్ వాక్’ అని ఒక నిబంధన పెట్టారు. దారి ఖరారు చేయకముందే ఇంజనీరు, రెవెన్యూ సిబ్బంది, సర్పంచి, ఊరివాళ్లు కలిసి ఆ దారంతా నడవాలి. మీ రోడ్డుకు డబ్బు ఏ పథకం నుంచి వచ్చినా ఈ నడక అడగండి. వాన వెలిసిన మర్నాడైతే మరీ మంచిది. గొర్రెల కాపరుల్ని వెంట తీసుకెళ్లండి, ఏ తుమ్మచెట్టు మొదట్లో ఎంతవరకు నీళ్లొస్తాయో వాళ్లు చెయ్యి పెట్టి చూపిస్తారు.

సార్, మాకున్నది రెండెకరాలు. కొత్త రోడ్డుకు పావెకరం పైనే పోతదంటున్నరు. ‘ఊరి కోసం ఇయ్యి, సంతకం పెట్టు’ అని పెద్దమనుషులు రోజూ వస్తున్నరు. ఇయ్యకపోతే ఊరికి చెడ్డదాన్నయితనేమో.
— ఒక మహిళా రైతు, నల్లగొండ జిల్లా

అమ్మా, ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఇవ్వకపోవడం తప్పు కాదు. గ్రామ సడక్ యోజన కింద భూమి కొనడానికి నిధులుండవు. భూమి చూపించే బాధ్యత రాష్ట్రానిది. ఆ భారం చివరికి మీలాంటి చిన్న రైతు మీద పడుతోంది, అది న్యాయం కాదు. రాజ్యాంగం 300ఎ అధికరణ ప్రకారం చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. 2013 భూసేకరణ చట్టం కింద తీసుకుంటే మార్కెట్ విలువతో లెక్కగట్టిన పరిహారం, దానికి సమానంగా సొలేషియం అనే అదనపు సొమ్ము, చెట్లకూ బోరుకూ విడిగా లెక్క వస్తాయి.

హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68లో ఒక మహిళ భూమిని పరిహారం ఇవ్వకుండానే రోడ్డుకు తీసుకున్నారు. ఆమె నోటిమాటగా ఒప్పుకుందని ప్రభుత్వం వాదించింది. 2020లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చి, పరిహారం కట్టమంది. ఆమెకు అప్పటికి 80 ఏళ్లు. కాబట్టి నోటిమాటతో ఏదీ ఒప్పుకోకండి, ఖాళీ కాగితం మీద సంతకమూ పెట్టకండి. ఇష్టపడి ఇచ్చినా సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు రాయించండి. మీ చేలోకి బండి దిగే దారి, నీటి పైపు దాటే చోటు కూడా అందులోనే రాయించుకోండి.

మా గూడేనికీ పక్క గూడేనికీ మధ్య అడవి ఉంది. రోడ్డు అడిగితే అటవీశాఖ ఒప్పుకోదంటున్నారు. దారేమైనా ఉందా?
— ఒక యువకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చదవండి. రోడ్డు, బడి, అంగన్‌వాడీ వంటి సౌకర్యాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. 5 మీటర్ల వెడల్పు దారికి 2 కిలోమీటర్లకే హెక్టారు నిండుతుంది. కనుక అడవిలో పడే దూరం ఎంతో ముందే కొలిపించండి. గ్రామసభ తీర్మానాన్ని రోడ్డు వేసే శాఖ ద్వారా డివిజనల్ అటవీ అధికారికి (డీఎఫ్‌ఓ) పంపి, అందినట్టు ముద్ర వేసిన నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.