కంచన్‌బాగ్ కొలిమిలో 718

మాదాపూర్ డిజైన్ ఆఫీసుల్లో విమాన ఇంజిన్ల మీద పనిచేసేవాళ్లకు ఇంకోనెల్ 718 అనే మిశ్రలోహం బాగా తెలిసిన పేరు. మెటీరియల్ జాబితాలో దాన్ని నొక్కితే సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.19 గ్రాములు, కరగడం మొదలయ్యేది 1260 డిగ్రీల దగ్గర అంటూ అంకెలన్నీ తెర మీదికి వచ్చేస్తాయి. ఆ లోహాన్ని నిజంగా కరిగించి, కొట్టి, పదును పెట్టే చోటు కూడా హైదరాబాద్‌లోనే ఉంది. చాంద్రాయణగుట్ట దగ్గర కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్, అంటే మన మిధాని. 1973లో పెట్టారు. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నది ఆ తర్వాత ఎప్పుడో, 1998లో. మిధాని ఈ లోహాన్ని సూపర్‌ని 718 అని అమ్ముతుంది.

పాళ్లలో దాపరికం ఏమీ లేదు. నికెల్ 50 నుంచి 55 శాతం, క్రోమియం 17 నుంచి 21, నియోబియం 5 శాతం అటూ ఇటూ, మాలిబ్డినం 3, టైటానియం 1 శాతం చుట్టుపక్కల, అల్యూమినియం అర శాతం. మిగిలినదంతా దాదాపు ఇనుమే. తుప్పును, వేడిగాలి తినేయడాన్ని క్రోమియం అడ్డుకుంటుంది. బలం ప్రధానంగా నియోబియందే. 1950ల చివర్లో అమెరికాలోని హంటింగ్టన్‌లో హెర్బర్ట్ ఐసెల్‌స్టైన్ దీన్ని తయారుచేసినప్పుడు అసలు తెలివి అక్కడే ఉంది. అంతకుముందు అల్యూమినియం, టైటానియంతో గట్టిపడే నికెల్ లోహాలను వెల్డింగ్ చేస్తే పగుళ్లిచ్చేవి. నియోబియంతో గట్టిపడడం నిదానంగా సాగుతుంది కాబట్టి వెల్డర్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది. ఆ నియోబియమే కొలిమి దగ్గర పెద్ద తలనొప్పి.

తొలి కరుగు గాలి తీసేసిన ఇండక్షన్ ఫర్నేస్‌లో. నికెల్, ఇనుము, క్రోమియం, మాలిబ్డినం ముందు పడతాయి. కరిగిన లోహంలోని కార్బన్ అక్కడున్న ఆక్సిజన్‌తో కలిసి బుడగలుగా పోతుంది. ఆ పొంగు అణిగాకే అల్యూమినియం, టైటానియం వేస్తారు. ముందే వేస్తే అవి ఆక్సిజన్‌ను పట్టేసుకుని గసిగా మారతాయి. పాళ్లు సరిచూసి, పొడవాటి కడ్డీలుగా పోత పోస్తారు.

పోసిన కడ్డీని అలాగే కొట్టి సాగదీయొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. పుల్ల ఐసు గడ్డకట్టేటప్పుడు రంగూ తీపీ మధ్యలోకి చేరినట్టే, లోహం గట్టిపడుతుంటే నియోబియం ఇంకా గట్టిపడని ద్రవంలోకి నెట్టుకుపోతుంది. అందుకే కడ్డీని మళ్లీ కరిగిస్తారు. కాల్షియం ఫ్లోరైడ్ ప్రధానంగా ఉన్న స్లాగ్‌లో ముంచి కరెంటు పంపితే కడ్డీ కొస బొట్టు బొట్టుగా కరిగి, స్లాగ్ గుండా దిగుతూ మలినాలను వదిలేస్తుంది. ఇంజిన్‌లో తిరిగే డిస్కుల కోసమైతే మూడోసారి, వ్యాక్యూమ్ ఆర్క్ ఫర్నేస్‌లో, నీళ్లతో చల్లబరిచే రాగి మూసలో కరుగుతుంది. అప్పుడు కూడా దిమ్మ మరీ లావుగా ఉంటే నడిమి భాగం ఆలస్యంగా చల్లారుతుంది. నియోబియం ఎక్కువైన ద్రవం బరువుగా కిందికి జారి మచ్చల చారలు కడుతుంది. వీటిని ఫ్రెకిల్స్ అంటారు. ఆ మచ్చ తర్వాత ఏ వేడికీ పోదు. 718 దిమ్మలను సాధారణంగా అర మీటరు వ్యాసానికి అటూ ఇటూ ఆపేయడానికి కారణం ఇదే.

తర్వాత 1150 నుంచి 1200 డిగ్రీల మధ్య గంటల తరబడి నానబెట్టడం. ఇక్కడ తొందరపడితే నియోబియం పేరుకున్న చోట్లు ముందుగా కరిగిపోతాయి. వేడిని మెట్లు మెట్లుగా పెంచాలి.

ఇక సాగకొట్టడం. మిధానిలో 6000 టన్నుల ఫోర్జ్ ప్రెస్ ఉంది. 718 వేడి మీద కూడా లొంగదు కాబట్టి అలాంటిది కావాలి. దాదాపు 1100 డిగ్రీల దగ్గర మొదలుపెడతారు. చల్లారితే పగులుతుంది, ఎక్కువ వేడెక్కితే గ్రెయిన్లు, అంటే లోహంలోని స్ఫటికాలు, లావెక్కుతాయి. పోత గ్రెయిన్ విరిగి సన్నబడేది ఈ దెబ్బలకే. చివరి దెబ్బలు 1000 డిగ్రీలకు కాస్త దిగువన పడితే డెల్టా అనే సన్నటి రేణువులు పుట్టి గ్రెయిన్లను పెరగనీయవు. పోత లోహానికీ దీనికీ తేడా ఈ మెట్టులోనే ఉందని నా అభిప్రాయం.

ఇప్పటికీ లోహం మెత్తనే. 950 నుంచి 980 డిగ్రీల మధ్య వేడిచేసి చల్లార్చాక 718 డిగ్రీల వద్ద 8 గంటలు ఉంచుతారు. పేరూ వేడీ ఒకే అంకె కావడం చూసి నవ్వొస్తుంది. ఆపైన గంటకు 55 డిగ్రీల చొప్పున 621కి దించి, మొత్తం 18 గంటలు పూర్తయ్యేదాకా అక్కడే ఉంచుతారు. దీన్నే ఏజింగ్ అంటారు. ఈ గంటల్లోనే నికెల్, నియోబియం కలిసి నానోమీటర్ల కొలతలో పలుచటి బిళ్లలుగా ఏర్పడి లోహాన్ని బిగిస్తాయి. బ్రినెల్ గట్టిదనం 277 లోపు ఉన్నది 331 దాటుతుంది. సాగుబాటు బలం కనీసం 1034 మెగాపాస్కల్. సుమారు 650 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువకాలం వాడితే ఆ బిళ్లలే డెల్టాగా మారి బలం జారిపోతుంది. అందుకే ఇంజిన్‌లో దహనగది వెనకాల నిప్పులు చెరిగే బ్లేడ్లకు దీన్ని వాడరు.

చివరగా అల్ట్రాసోనిక్ తనిఖీ. తర్వాత 649 డిగ్రీల వేడిలో 689 మెగాపాస్కల్ లాగుడు కింద ముక్కను వేలాడదీస్తారు. 23 గంటలలోపు తెగితే ఆ లాట్ పనికిరాదు.

మాదాపూర్‌లో డ్రాయింగ్ గీసేవాళ్లకు ఒక్క విన్నపం. 718 అని మాత్రమే రాసి వదిలేయకండి. విమాన లోహాల ప్రమాణాల్లో ఏఎంఎస్ 5662 అంటే ఇంకా ఏజింగ్ చేయని మెత్తటి సరుకు, 5663 అంటే ఏజింగ్ పూర్తయినది. పాళ్లు రెండింటివీ ఒకటే. బాలానగర్ వర్క్‌షాపులో ఆ ముక్కను లేతు మీదికి ఎక్కించేవాడికి మాత్రం ఏది ఎక్కిస్తున్నాడో ముందే తెలియాలి.