చేని పక్షుల చేష్టలను గుర్తించి వ్రాసికొను విధము

చేనిపై పక్షి వ్రాలగానే వడిసెల చేతబట్టుట మనలో పలువురకు అలవాటు. కాని వ్రాలిన ప్రతి పక్షియు గింజకొఱకే వచ్చినదని తలంపరాదు. బీహారులోని పూసా పరిశోధనాలయమున మేసనుగారు పక్షుల కడుపులలోని ఆహారమును పరీక్షించి రచించిన గ్రంథము 1912లో వెలువడినది. ఒకే పక్షి పైరునకు మేలును కీడును గూడ చేయగలదని ఇట్టి పరీక్షలవలన తెలియుచున్నది. రైతునకు పక్షిని చంపి చూడ నక్కఱలేదు. ఓపికతో చూచి వ్రాసికొన్న చాలును.

మొదట చేష్టలను తరగతులుగా విభజించుకొనవలెను:

1. మేత: నేలపైనా, ఆకుపైనా, కంకిపైనా, గాలిలోనా?
2. ఎరకై కాచుకొని యుండుట.
3. విశ్రాంతి, ఈకలు దిద్దుకొనుట.
4. కలహము, తఱుముట.
5. గూడు కట్టుట, పిల్లలను మేపుట.

ప్రొద్దు పొడిచిన పిమ్మట అరగంటసేపు గట్టుపై కదలక కూర్చుండి, అయిదేసి నిమిషముల కొకసారి చేనినంతయు ఒక చివరనుండి మఱియొక చివరవఱకు చూడవలెను. ఆ క్షణమున ఏ పక్షి యేమి చేయుచున్నదో దానినే లెక్కలో చేర్చవలెను. నడుమ కనబడిన వింతలను వేఱుగా వ్రాయవలెను. ఏలయనగా కలహము, అఱపు కంటిని త్వరగా ఆకర్షించును; సద్దుచేయక పురుగు నేఱుకొను పక్షి మఱుగుపడిపోవును. జంతువుల నడవడిని గమనించు పద్ధతులలోని ఇట్టి లోపములను జీన్ ఆల్ట్‌మన్ అను శాస్త్రజ్ఞురాలు 1974లో విశదముగా చర్చించినది.

తేది, వేళ, పైరు, దాని దశ, పక్షి పేరు, సంఖ్య, చేష్ట అను ఏడు గడులు చాలును. ఉదాహరణము: "ఉదయము 6-40. జొన్న, పాలకంకి. గోరువంకలు 4, నేలపై మేత 3, కంకిపై 1."

ఇచ్చట ముఖ్యమైన నియమ మొకటి గలదు. కన్నదానిని వ్రాయవలెను గాని ఊహించినదానిని వ్రాయరాదు. గోరువంక కంకిని పొడిచినచో "కంకిని పొడిచెను" అనియే వ్రాయవలెను. "గింజ తినెను" అనరాదు. పక్షి లేచిపోయిన వెనుక ఆ కంకిని పరిశీలించి, గింజ పోయినదో, పురుగు తొలిచిన గుర్తులున్నవో వేఱుగా వ్రాయవలెను. చేష్టయు దాని యర్థమును ఒకే గడిలో కలిసిపోయినచో ఆ లెక్క నిరుపయోగము.

ఇట్లు వ్రాసికొన్నచో ఏ దశలో ఏమి చేయవలెనో తేటపడును. నాగటిచాలు వెంట పురుగు లేఱు గోరువంకలను, పశువుల వెంట మిడుతలను పట్టు తెల్లకొంగలను తఱుమ నవసరములేదు. ఏట్రింత (పసుల పోలిగాడు), పాలపిట్ట ఎత్తుననుండి ఎరను చూచి పట్టును గనుక, పైరు ఎదుగు దినములలో చేనియందు పంగలకఱ్ఱలు నాటుట మేలు. గింజ పాలుపోసుకొను వేళకు వానిని తీసివేయవలెను. లేనిచో గింజలు తిను పక్షులకు అవియే పీట లగును. కావలికి మంచె యెక్కవలసిన కాలమును అదియే.

ఒక్క చేని లెక్క ఒక్క ఋతువు సంగతినే తెలుపును. సంఘ సభ్యులు పదిమంది ఒకే విధమున వ్రాసి, నెలకొకసారి పుస్తకములను ఒకచోట చేర్చి పోల్చిచూచినచో, గ్రామమున కంతటికి పనికివచ్చు జ్ఞానము లభించును. విషము చల్లుటకు పూనుకొనక మునుపు ఈపాటి శ్రమను మనము తప్పక చేయవలసి యున్నది.