కన్ను ఎక్కడ ఆగాలి?

చిరంజీవి మేనకోడలికి,
వరంగల్ నుంచి మామయ్య దీవెనలు.

బిడ్డా, సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుండం దగ్గర నువ్వు తీసిన 42 ఫొటోలూ చూశాను. రంగులు బాగా వచ్చాయి, ఎక్కడా చెయ్యి కదల్లేదు. ఒక మాట చెబుతాను, చిన్నబుచ్చుకోకు. నాలుగో ఫొటో తెరవగానే నా కన్ను బతుకమ్మ మీదికి పోలేదు, వెనకున్న ఫ్లెక్సీ మీదికి పోయింది. అక్షరం కనబడితే చదవకుండా ఉండలేం కదా! మనిషి ముఖం, తెల్లటి వెలుగు, ముదురు ఎరుపు కూడా అలాంటివే. పిలవకపోయినా చూపును లాగేస్తాయి. వాటిని నువ్వు వాడుకోకపోతే అవి నీ ఫొటోను ఎత్తుకుపోతాయి.

ఈ పాఠం నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను. రీలుకు 36 ఫొటోలే వచ్చే రోజులవి. ఒక పెళ్లిలో తాళి కట్టే క్షణాన్ని పట్టానని మురిసిపోయాను. ప్రింటు చూసి పెళ్లికూతురి తండ్రి ఒకటే అడిగాడు: "తాళి ఏదయ్యా?" పురోహితుడి మోచేయి ఉంది, అక్షింతలు వేసే చేతులు ఉన్నాయి, పందిట్లో ట్యూబులైటు ధగధగలాడుతోంది. తాళి మాత్రం లేదు. అన్నీ కావాలనుకుని అసలుదాన్ని వదిలేశాను.

అందుకే బటన్ నొక్కే ముందు 'ఈ ఫొటో దేని గురించి?' అని నిన్ను నువ్వు అడుగు. జవాబు ఒక్క మాటలో రావాలి. 'పండుగ' అంటే చాలదు. 'గౌరమ్మను పెడుతున్న ముసలమ్మ చేతులు' అంటే అది జవాబు. ఆ తర్వాత కళ్లు సగం మూసి చూడు. వివరాలు మసకబారి వెలుగులు, మరకలే మిగులుతాయి. అప్పుడు కూడా చేతులే ముందు కనబడితే నొక్కు. ఇంకేదైనా కనబడితే ముందు దాని సంగతి చూడు.

సంగతి చూడడమంటే చాలాసార్లు రెండడుగులు పక్కకు జరగడమే. కింద కూర్చున్నావనుకో, ఫ్లెక్సీ ఫ్రేము దాటిపోతుంది, తంగేడు పసుపు వెనక సాయంకాలపు ఆకాశం వస్తుంది. జరిగే చోటు లేకపోతే నీ 50 ఎంఎం లెన్సును ఎఫ్ 2 దగ్గర పెట్టి చేతులకు ఫోకస్ చెయ్యి, వెనకున్నది కరిగిపోతుంది. కానీ దీన్నే నమ్ముకోకు. ఎంత కరిగించినా తెల్లటి లైటు తెల్లటి మచ్చగానే ఉంటుంది.

ఫ్రేమును నిలువుగా, అడ్డంగా మూడేసి భాగాలు చేసి, గీతలు కలిసేచోట ముఖ్యమైనదాన్ని పెట్టమని నీకు నేర్పే ఉంటారు. మంచిదే, కానీ అది శాసనం కాదు. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతుంటే మేడ మీది నుంచి చూడు. ఆ వలయమే చూపును నడిమికి తీసుకుపోతుంది. అక్కడ బతుకమ్మను సరిగ్గా మధ్యలోనే పెట్టాలి.

చూపును ఒక్కచోట ఎలా ఆపాలో తెలియాలంటే, 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత ఫొటోగ్రాఫర్ రఘు రాయ్ తీసిన పసిబిడ్డ ఖననం ఫొటోను ఒకసారి శ్రద్ధగా చూడు. నలుపు తెలుపు చిత్రం. చుట్టూ మట్టి, రాళ్లు. వాటి మధ్య తెరిచి ఉన్న కళ్లతో చిన్న ముఖం, దాన్ని తాకుతున్న ఒక చెయ్యి. అంత పెద్ద ఘోరాన్ని చెప్పడానికి ఆయన ఫ్రేములో జనాన్ని నింపలేదు. చూపు ఆ ముఖం దగ్గర ఆగిపోతుంది, పక్కకు పోవడానికి దారి ఉండదు.

ఇక నీకో పని. ఆ 42 లోంచి ఒక్కటి ఎంచి, ప్రింటు వేయించి అమ్మమ్మ చేతిలో పెట్టు. ఏమీ చెప్పకు, ఏమీ అడగకు. ఆమె వేలు మొదట ఎక్కడ పడుతుందో చూసి నాకు రాయి.

ఇట్లు,
మీ మామయ్య