మన ఊరి బడి ఎవరి చేతిలో ఉంది? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ, పరిషత్, మునిసిపల్ బడుల్లో పిల్లలను చదివిస్తున్న తల్లిదండ్రుల కోసం

బాత్రూముకు తలుపు లేదు. కుళాయిలో నీళ్లు రావడం లేదు. అయిదు తరగతులకు ఇద్దరే టీచర్లు. ఇలాంటివి చూసినప్పుడు మనం ముందుగా వెళ్లేది హెడ్‌మాస్టర్ దగ్గరికి, లేదా సర్పంచ్ గారి దగ్గరికి. చాలాసార్లు వాళ్లు చెప్పే జవాబు ఒకటే: "అది మా చేతిలో లేదండీ". కొన్ని విషయాల్లో అది నిజం. కొన్నింటిలో కాదు. ఏది ఎవరి చేతిలో ఉందో తెలిస్తే మీరు అడగాల్సిన చోటే అడుగుతారు. మీ చేతిలో ఉన్నది ఏమిటో కూడా తెలుస్తుంది. ఈ పాఠం అందుకే.

1. ముందుగా బడి బోర్డు చదవండి

బోర్డు మీద ఉన్న పేరే బడి యాజమాన్యం ఎవరో చెబుతుంది.

• మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, ప్రాథమికోన్నత పాఠశాల: మండల పరిషత్ యాజమాన్యం
• జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల: జిల్లా పరిషత్ యాజమాన్యం
• మునిసిపల్, నగరపాలక పాఠశాల: పట్టణ స్థానిక సంస్థ
• ప్రభుత్వ పాఠశాల: నేరుగా రాష్ట్ర ప్రభుత్వం
• ఆశ్రమ పాఠశాల: గిరిజన సంక్షేమ శాఖ

అయితే బోర్డు మీద పేరు ఒకరిది, పెత్తనం ఇంకొకరిది కావచ్చు. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగ్గ అంశాల పట్టికలో ప్రాథమిక, మాధ్యమిక విద్య కూడా చేరింది. ఆచరణలో మాత్రం టీచర్ల నియామకం, బదిలీ, జీతం, పాఠ్యపుస్తకాలు, పరీక్షలు అన్నీ రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ చూస్తుంది. మండల పరిషత్ బడి టీచరుకైనా జీతం వచ్చేది రాష్ట్ర ఖజానా నుంచే. అందుకే "టీచరును వేయించండి" అని సర్పంచ్ గారిని అడిగితే ఆయన సిఫారసు చేయగలరు గానీ పోస్టు ఇవ్వలేరు.

2. మెట్లు ఇలా ఉంటాయి

బడిలో హెడ్‌మాస్టర్. మండలంలో మండల విద్యాశాఖాధికారి, అంటే ఎంఈఓ. మన రాష్ట్రంలో మండలానికి ఇద్దరు ఎంఈఓలు ఉంటారు. డివిజన్‌లో డిప్యూటీ డీఈఓ. జిల్లాలో డీఈఓ. ఆ పైన రాష్ట్ర స్థాయిలో పాఠశాల విద్యాశాఖ. దీనికి పక్కనే సమగ్ర శిక్ష అనే విభాగం ఉంటుంది. కేంద్రం, రాష్ట్రం కలిసి పెట్టే గ్రాంట్లు దాని ద్వారా బడికి చేరతాయి.

ఈ మెట్లన్నీ పైనుంచి కిందికి వస్తాయి. కింది నుంచి పైకి వెళ్లే మెట్టు ఒక్కటే ఉంది: పాఠశాల యాజమాన్య కమిటీ. అందులో ఎక్కువ మంది మీరే. దాని గురించి 5వ భాగంలో వివరంగా చూద్దాం.

3. డబ్బు వచ్చే దారులు

మొదటిది, జీతాలు. బడి మీద అయ్యే ఖర్చులో పెద్ద భాగం ఇదే. రాష్ట్ర బడ్జెట్ నుంచి నేరుగా టీచరు ఖాతాకు వెళ్తుంది. ఊరికి గానీ, కమిటీకి గానీ ఇందులో పాత్ర లేదు.

రెండోది, సమగ్ర శిక్ష గ్రాంట్లు. 2018లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక విద్య పథకం, ఉపాధ్యాయ శిక్షణ పథకం కలిపి దీన్ని తెచ్చారు. మన రాష్ట్రంలో ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు, ఆటల గ్రాంటు, లైబ్రరీ గ్రాంటు ఇందులోవే.

మూడోది, మధ్యాహ్న భోజనం. కేంద్ర పథకం పేరు పీఎం పోషణ్, మన రాష్ట్రంలో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. బియ్యం కేంద్రం ఇస్తుంది. వంట ఖర్చు 60:40 లెక్కన పంచుకుంటారు. గుడ్డు, చిక్కీ, రాగిజావ లాంటివి రాష్ట్రం అదనంగా ఇస్తోంది. 1 నుంచి 5వ తరగతి పిల్లలకు రోజుకు 100 గ్రాములు, 6 నుంచి 8వ తరగతి వారికి 150 గ్రాముల బియ్యం లెక్క.

నాలుగోది, మీ తల్లికి వందనం డబ్బు. 2025లో ఈ పథకం మొదలైనప్పుడు ఒక్కో విద్యార్థికి రూ.15,000 ప్రకటించి, తల్లి ఖాతాలో రూ.13,000 వేశారు. మిగతా రూ.2,000 బడుల అభివృద్ధి, నిర్వహణ కోసం పక్కన పెట్టారు. "రెండు వేలు కోత పడింది" అని చాలామంది అక్కడితో వదిలేశారు. కోత అనుకోవద్దు. ఆ పద్దు కింద మన బడికి ఏం వచ్చింది, బాత్రూములకు ఏం ఖర్చు పెట్టారు అని అడిగే హక్కు మీకుంది. అది మీ బిడ్డ పేరు మీద పక్కన పెట్టిన డబ్బు.

4. ఒక చిన్న లెక్క: నలుగురు పిల్లలు వెళ్లిపోతే

కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. యూడైస్ ప్లస్ అనే ఆన్‌లైన్ రికార్డులో మీ బడిలో ఎంతమంది ఉన్నారని రాసి ఉంటే అదే లెక్క.

• 30 మంది వరకు: రూ.10,000
• 31 నుంచి 100 వరకు: రూ.25,000
• 101 నుంచి 250 వరకు: రూ.50,000
• 251 నుంచి 1,000 వరకు: రూ.75,000
• 1,000 దాటితే: రూ.1,00,000

ఇప్పుడు 34 మంది ఉన్న ఒక ప్రాథమిక బడి అనుకుందాం. గ్రాంటు రూ.25,000. ఇందులో కనీసం 10 శాతం, అంటే రూ.2,500, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతాది కరెంటు బిల్లు, నీళ్లు, సుద్దముక్కలు, చిన్న రిపేర్లు, బోధన సామగ్రికి. నెలకు లెక్క వేస్తే రెండు వేలకు కాస్త పైన.

ఆ బడి నుంచి నలుగురు పిల్లలు ప్రైవేటుకు వెళ్లారనుకోండి. 30 మంది మిగిలారు. గ్రాంటు రూ.10,000కు పడిపోతుంది. నలుగురు వెళ్లినందుకు రూ.15,000 పోయింది. ఉన్న 30 మందికీ అదే కరెంటు బిల్లు, అదే బాత్రూము, అదే పైకప్పు.

టీచర్ల లెక్కా ఇంతే. విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5వ తరగతి వరకు ఉన్న బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు ఉండాలి. 61వ బిడ్డ బడిలో ఉందా లేదా అన్నదాని మీద మూడో టీచరు పోస్టు ఆధారపడి ఉంటుంది. బాత్రూము బాగోలేదని ఒక అమ్మాయి బడి మానేస్తే నష్టపోయేది ఆ అమ్మాయి ఒక్కతే కాదు.

5. కమిటీ: మీ కుర్చీ ఎక్కడుంది

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 21వ సెక్షన్ ప్రకారం సర్కారు బడి ప్రతిదానికీ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగ్గ చోటు ఇవ్వాలి.

మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. అయిదు తరగతుల బడి అయితే 15 మంది. వారిలోంచే చైర్మన్, వైస్ చైర్మన్. హెడ్‌మాస్టర్ సభ్య కన్వీనర్. వార్డు సభ్యులు, అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం, మహిళా సమాఖ్య ప్రతినిధి లాంటి వారు హోదా రీత్యా ఉంటారు. కమిటీ కాలం రెండేళ్లు.

చట్టం కమిటీకి ఇచ్చిన పనులు మూడు:

• బడి ఎలా నడుస్తోందో చూడటం. టీచర్ల హాజరు, భోజనం, పిల్లల రాక అన్నీ ఇందులోకి వస్తాయి.
• బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేసి పంపడం.
• ప్రభుత్వం నుంచి గానీ, స్థానిక సంస్థ నుంచి గానీ, మరెక్కడి నుంచి గానీ వచ్చిన ప్రతి రూపాయి ఎలా ఖర్చయిందో చూడటం.

మూడోది మళ్లీ చదవండి. "మరెక్కడి నుంచి గానీ" అంటే దాతలు ఇచ్చినది, పూర్వ విద్యార్థులు ఇచ్చినది కూడా.

6. సంతకం పెట్టే ముందు

చాలా ఊళ్లలో చైర్మన్‌గా ఉన్న అమ్మ పొలం పనిలో ఉంటుంది. రిజిస్టర్ ఇంటికే వస్తుంది. "ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా" అంటారు. పెట్టేస్తుంది. హెడ్‌మాస్టర్ గారు మంచివారే కావచ్చు, ఖర్చు న్యాయమైనదే కావచ్చు. అయినా ఆ సంతకానికి అర్థం "ఈ ఖర్చు నేను చూశాను, సరిగ్గా ఉంది" అని. రేపు ఆడిట్‌లో ప్రశ్న వస్తే జవాబు చెప్పాల్సిన వారిలో ఆమె కూడా ఉంటుంది. కాబట్టి సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. చదువు రాకపోయినా నోటితో అడగొచ్చు, చదివి వినిపించమనొచ్చు.

• ఈ ఏడాది ఏ గ్రాంటు ఎంత మంజూరైంది?
• ఇప్పటివరకు ఎంత ఖర్చయింది? బిల్లులు చూపిస్తారా?
• కొన్న వస్తువు, చేయించిన పని ఎక్కడుంది? ఒకసారి చూద్దాం.
• మార్చి 31లోపు వాడకపోతే ఎంత మిగిలిపోతుంది?

నాలుగో ప్రశ్న ముఖ్యం. సమగ్ర శిక్ష డబ్బు ఇప్పుడు బడి పాస్‌బుక్‌లో నిల్వగా కూర్చోదు. బడి ఖాతాకు ఖర్చు పెట్టుకునే పరిమితి మాత్రమే ఇస్తారు. ఖాతాలో సున్నా కనిపించిందని డబ్బు రాలేదనుకోవద్దు. పరిమితి ఎంత ఇచ్చారో అడగండి. ఆర్థిక సంవత్సరం ముగిస్తే వాడని పరిమితి చేతికి అందకుండా పోవచ్చు.

7. కాగితం మీద లేనిది పైకి వెళ్లదు

చట్టం 22వ సెక్షన్‌లో ఒక మంచి మాట ఉంది. ప్రభుత్వం బడికి గ్రాంటు ఇవ్వడానికి కమిటీ తయారు చేసిన అభివృద్ధి ప్రణాళికే ఆధారం కావాలి. ఈ ప్రణాళిక మూడేళ్లది, అందులో ఏడాదికొకటి చొప్పున ఉప ప్రణాళికలు. తరగతివారీగా ఎంతమంది పిల్లలు వస్తారు, ఎంతమంది టీచర్లు కావాలి, గదులు, బాత్రూములు, ప్రహరీ ఏం కావాలి, ఎంత ఖర్చవుతుంది అన్నీ రాయాలి. చైర్మన్, కన్వీనర్ సంతకాలతో ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు పంపాలి.

అధికారి వచ్చినప్పుడు నోటితో చెప్పిన సమస్య ఆ సాయంత్రానికే మర్చిపోతారు. ప్రణాళికలో రాసి పంపినది ఫైలులో ఉంటుంది. "పోయినేడు పంపిన ప్రణాళికలో ఇది ఉంది, ఏమైంది?" అని మళ్లీ అడగొచ్చు. డిసెంబరు, జనవరి నెలల్లోనే కమిటీ సమావేశంలో దీన్ని ఎజెండాలో పెట్టించండి.

8. ఏ పనికి ఎవరిని అడగాలి

• బాత్రూము శుభ్రత, చిన్న రిపేర్లు, కరెంటు బిల్లు: హెడ్‌మాస్టర్, కమిటీ
• భోజనం నాణ్యత, గుడ్డు రాకపోవడం: హెడ్‌మాస్టర్, తర్వాత ఎంఈఓ
• టీచరు రోజూ రాకపోవడం: హెడ్‌మాస్టర్, ఎంఈఓ
• టీచరు పోస్టు ఖాళీ, కొత్త పోస్టు: కమిటీ తీర్మానంతో ఎంఈఓ ద్వారా డీఈఓ
• కొత్త గది, ప్రహరీ: అభివృద్ధి ప్రణాళిక ద్వారా జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయం
• బడి బయట మురుగు, రోడ్డు, నీటి లైను: పంచాయతీ లేదా మునిసిపాలిటీ

ఎవరూ పట్టించుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, రశీదు తీసుకోండి. పిల్లల హక్కుకు భంగం కలిగితే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. మూడు నెలల్లోపు తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు ఉంది.

9. మీరు అడిగే ప్రశ్నలు

నేను కమిటీలో లేను. లెక్కలు అడగొచ్చా?
అడగొచ్చు. కమిటీ సమావేశాల మినిట్స్ అందరికీ అందుబాటులో ఉంచాలి.

అడిగితే చెప్పడం లేదు. ఏం చేయాలి?
సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండల స్థాయిలో రూ.5, ఆ పైన రూ.10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఉచితం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "సమాచారం ఇవ్వండి" అని కాకుండా "ఈ ఆర్థిక సంవత్సరంలో మా బడికి వచ్చిన కాంపోజిట్ గ్రాంటు ఎంత, ఖర్చు బిల్లుల నకళ్లు ఇవ్వండి" అని సూటిగా రాయండి.

బడిలో చేర్చేటప్పుడు చందా అడగొచ్చా?
అడగకూడదు. సర్కారు బడిలో 8వ తరగతి పూర్తయ్యే వరకు చదువు ఉచితం. ఎవరైనా ఇష్టపడి బడికి సాయం చేస్తే అది వేరు. దానికీ రశీదు, రిజిస్టర్‌లో నమోదు ఉండాలి.

తెలంగాణలో ఉన్న మా బంధువులకు ఇదే వర్తిస్తుందా?
విద్యాహక్కు చట్టం, కాంపోజిట్ గ్రాంటు రెండు చోట్లా ఒకటే. అక్కడ 2024 నుంచి బడి పనులు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు చూస్తున్నాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు దానికి చైర్‌పర్సన్, హెడ్‌మాస్టర్ కన్వీనర్.

10. ఈ నెలలో చేయాల్సినవి

• మీ తరగతి నుంచి కమిటీలో ఉన్న ముగ్గురి పేర్లు తెలుసుకోండి.
• యూడైస్ ప్లస్‌లో మీ బడి పిల్లల సంఖ్య ఎంత ఉందో హెడ్‌మాస్టర్‌ను అడిగి, హాజరు పట్టీతో సరిచూడండి.
• వచ్చే సమావేశానికి వెళ్లండి. ఒక్కరే వెళ్లకుండా పక్కింటి అమ్మను కూడా తీసుకెళ్లండి.
• గొడవకు కాదు, లెక్కకు వెళ్తున్నామని ముందే చెప్పండి. మంచి హెడ్‌మాస్టర్‌కు అడిగే తల్లిదండ్రులు ఉండటం బలమే. పై అధికారిని ఆయన ఒక్కరే అడిగితే అది వినతి. పదిహేను మంది సంతకాలతో వెళ్తే అది తీర్మానం.

ఈ పీడీఎఫ్‌ను మీ బడి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఫోన్ లేని వారికి, చదవలేని వారికి 4, 6 భాగాలు తప్పకుండా చదివి వినిపించండి.