బరువు ఎక్కడుందో చూడండి!

నీళ్ళ డబ్బాలు, గ్యాసు సిలిండర్లు మోసే మూడు చక్రాల తొక్కుడు బండిని మీరు చూసే ఉంటారు. డెన్మార్క్, నెదర్లాండ్స్ దేశాల్లో దీనికి చుట్టమైన ఒక సైకిలు ఉంది. దాని మీద తల్లిదండ్రులు పిల్లల్ని బడికి తీసుకువెళతారు. వచ్చేటప్పుడు అంగడి సామాను తెచ్చుకుంటారు.

అలాంటి సైకిలు కొనేటప్పుడు ధర, రంగు చూస్తే చాలదు. అందులో కూర్చునేది పసిపిల్లలు. మలుపులో అది బోల్తా పడుతుందా? ఇంటి దగ్గర దాన్ని ఎక్కడ ఉంచాలి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకడానికి మీరు బడిలో నేర్చుకున్న భౌతికశాస్త్రం, కొలబద్ద ఉంటే చాలు.

మూడు రకాలు

మొదటిది పొడవు సైకిలు. హ్యాండిలుకూ ముందు చక్రానికీ మధ్య, నేలకు దగ్గరగా ఒక పెట్టె ఉంటుంది. 1920లలో డెన్మార్క్‌లో పుట్టిన ఈ రకాన్ని ‘లాంగ్ జాన్’ అంటారు. దీని పొడవు సుమారు రెండున్నర మీటర్లు.

రెండోది మూడు చక్రాల పెట్టె బండి. రెండు చక్రాలు ముందు, ఒకటి వెనుక ఉంటాయి. పెట్టె ముందు చక్రాల మధ్య ఉంటుంది. 1984లో కోపెన్‌హాగెన్ నగరంలోని క్రిస్టియానియా పేటలో లార్స్ ఎంగ్‌స్ట్రోమ్ తన సహచరి కోసం ఇలాంటిది ఒకటి తయారుచేశాడు. అదే ‘క్రిస్టియానియా సైకిలు’గా పేరుపొందింది.

మూడోది తోక సైకిలు. మామూలు సైకిలు వెనుక భాగాన్ని పొడిగించి, పొడవాటి క్యారియరు మీద పిల్లలకు సీట్లు బిగిస్తారు. దీని పొడవు సుమారు రెండు మీటర్లు.

ముక్కాలిపీట చెప్పే పాఠం

చూడగానే మూడు చక్రాల బండే అన్నిటికన్నా భద్రమని మీకు అనిపించవచ్చు. నిలబడి ఉన్నప్పుడు అది నిజమే. దాన్ని ఎవరూ పట్టుకోనక్కరలేదు. కాని ఒక ముక్కాలిపీట తెచ్చి, రెండు కాళ్ళకు మధ్యనున్న అంచును నొక్కి చూడండి. పీట ఒరుగుతుంది. కాళ్ళు నేలను తాకేచోట్లను కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. బరువు ఆ త్రిభుజం లోపల ఉన్నంతసేపే పీట నిలుస్తుంది.

మూడు చక్రాల బండికి కూడా ఇలాంటి త్రిభుజమే ఆధారం. మలుపు తిరిగేటప్పుడు జడత్వం వల్ల బండి తిన్నగా పోవాలని చూస్తుంది. చక్రాలు మాత్రం రోడ్డును పట్టుకుని పక్కకు తిరుగుతాయి. అందువల్ల బండి బయటి వైపుకు, అంటే త్రిభుజం పక్కగీత మీదుగా, ఒరగబోతుంది. ఏ వేగం దగ్గర లోపలి చక్రం నేలను వదులుతుందో ఇలా లెక్కకట్టవచ్చు:

వేగం వర్గం = గురుత్వ త్వరణం × మలుపు వ్యాసార్థం × (అడ్డదూరం ÷ ఎత్తు)

ఇక్కడ ‘ఎత్తు’ అంటే నేలనుంచి గరిమనాభి ఎత్తు. ‘అడ్డదూరం’ అంటే గరిమనాభి నుంచి పక్కగీతకు అడ్డంగా ఉన్న దూరం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముందు చక్రాల మధ్య దూరం 80 సెం.మీ. పెట్టె ఖాళీగా ఉంది. తొక్కే మనిషితో కలిపి గరిమనాభి ఎత్తు 80 సెం.మీ. అది ముందు వెనుక ఇరుసులకు సరిగ్గా మధ్యన ఉందనుకుంటే అడ్డదూరం 20 సెం.మీ. అవుతుంది. మలుపు వ్యాసార్థం 5 మీటర్లు. అప్పుడు 9.8 × 5 × 20 ÷ 80 = 12.25. దీని వర్గమూలం 3.5. అంటే సెకనుకు 3.5 మీటర్లు, గంటకు 12.6 కి.మీ.! సైకిలుకు ఇది పెద్ద వేగమేమీ కాదు.

ఇప్పుడు పెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. వాళ్ళ బరువు కిందా, ముందూ ఉంది. కనుక గరిమనాభి కిందికి దిగి, త్రిభుజం వెడల్పుగా ఉన్న ముందువైపుకు జరుగుతుంది. ఎత్తు 70, అడ్డదూరం 25 సెం.మీ. అయిందనుకుంటే, అదే మలుపులో గంటకు సుమారు 15 కి.మీ. వరకు చక్రం లేవదు.

చూశారా వింత! ఖాళీ బండే త్వరగా బోల్తా పడుతుంది. పిల్లల్ని బడి దగ్గర దించి తిరిగి వచ్చేటప్పుడే తొక్కేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. సమీకరణంలో ఉన్నది వేగం వర్గం కాబట్టి, విద్యుత్ మోటారు ఉన్న బండిని మలుపుకు ముందే నెమ్మది చెయ్యాలి.

రెండు చక్రాల సైకిలు మలుపులో లోపలికి వాలి సరిచూసుకుంటుంది. కాని ఆగినప్పుడు తొక్కేవారే దాన్ని మొయ్యాలి. పొడవు సైకిలులో బరువు కింద ఉంటుంది కాబట్టి అంత కష్టం ఉండదు. తోక సైకిలులో పిల్లలు ఎత్తున కూర్చుంటారు కనుక, వాళ్ళు కదిలితే సైకిలు ఊగుతుంది. దానికి రెండు కాళ్ళ గట్టి స్టాండు తప్పనిసరి.

ఇంటిలో దూరుతుందా?

కొనకముందే ఈ ప్రయోగం చెయ్యండి. ఒక మీటరుకు 4 సెం.మీ. చొప్పున మీ ఇంటి నడవ పటం గీయండి. నడవ వెడల్పు 1.2 మీటర్లయితే పటంలో 4.8 సెం.మీ. ఉంటుంది. అది ఒకచోట లంబకోణంలో మలుపు తిరిగిందనుకోండి. 65 సెం.మీ. వెడల్పున్న సైకిళ్ళకు గుర్తుగా రెండు అట్టముక్కలు కత్తిరించండి. పొడవు సైకిలుకు 10 × 2.6 సెం.మీ., తోక సైకిలుకు 8 × 2.6 సెం.మీ. వాటిని మలుపులో తిప్పి చూడండి. 8 సెం.మీ. ముక్క అతికష్టం మీద తిరుగుతుంది. 10 సెం.మీ. ముక్క ఇరుక్కుంటుంది. మూడు చక్రాల బండి వెడల్పు సుమారు 85 నుంచి 90 సెం.మీ. ఉంటుంది కాబట్టి ముందు తలుపునే కొలవాలి.

బండిని ఉంచే నేల చదునుగా ఉండాలి. వాలు మీద ఆపితే బరువులో కొంత భాగం దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. అందుకే పార్కింగు బ్రేకు వేశాకే పిల్లల్ని ఎక్కించాలి, దించాలి. ఆరుబయట ఉంచితే గొలుసుకు తేమ తగిలి తుప్పు పడుతుంది. పైన కప్పు ఉండాలి, గాలి ఆడాలి.

మోటారు ఉంటే బ్యాటరీ సంగతి వేరు. లిథియం అయాన్ బ్యాటరీని సున్నా డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జి చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని అది పాడవుతుంది. అందుకే చలిదేశాల్లో దాన్ని విప్పి గదిలోకి తెస్తారు. మన ఎండలకు వేడెక్కినా దాని ఆయుష్షు తగ్గుతుంది. మెట్ల దగ్గర, బయటికి పోయే దారిలో ఎన్నడూ ఛార్జి చెయ్యకూడదు. నిప్పు అంటుకుంటే ఇంట్లోవాళ్ళు తప్పించుకునే దారే మూసుకుపోతుంది.

మీరే చెప్పండి

మన సామాను బండికి రెండు చక్రాలు వెనుక, ఒకటి ముందు ఉంటాయి. దాని త్రిభుజం గీయండి. అయిదు నిండు నీళ్ళ డబ్బాలు మీకిస్తే, మలుపులో బండి ఒరగకుండా వాటిని ఎక్కడ పెడతారు? మరీ వెనక్కి పెడితే ముందు చక్రం ఏమవుతుంది?