గృహశౌచము – ఫ్లూ జ్వర నివారణము

శౌచము బాహ్యమనియు, ఆభ్యంతరమనియు రెండు విధములని పెద్దలు చెప్పుదురు. బాహ్యశౌచము తన కొరకే కాదు. ఒకే కప్పు క్రింద వసించు వృద్ధుల, శిశువుల, అతిథుల క్షేమము కొరకు కూడ. ఫ్లూ జ్వరము వ్యాపించు దినములలో ఈ మాట మిగుల స్పష్టముగ బోధపడును.

1918వ సంవత్సరము జూన్ నెలలో బొంబాయి రేవున కనిపించిన ఇన్‌ఫ్లూయెంజా, ఆ శరదృతువున మరింత తీవ్రమై రైలు మార్గముల వెంట దేశమంతట ప్రబలినది. భారతదేశమున కోటి మందికి పైగా మరణించిరని చరిత్రకారుల అంచనా. నేడు కర్నూలు జిల్లాలో నున్న ఆదోని ఆనాడు బళ్ళారి జిల్లాలోనిది. బొంబాయి – మద్రాసు రైలు మార్గమున నున్న పట్టణము. మనుష్యులకు ఈ జ్వరమును కలిగించు వైరస్ 1933లో గాని బయటపడలేదు. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశమున మొట్టమొదట హైదరాబాదులో, విదేశము నుండి వచ్చిన ప్రయాణికునియందు నిర్ధారణమైనది. కాలము మారినను రోగము వచ్చు దారి మారలేదు. అది ప్రయాణికునితో వచ్చి, ఇంటిలో వ్యాపించును.

మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల గృహస్థులు దీనిని గమనింపవలెను. దసరా గుర్రపు పందెములకు మద్దికెరలో జనులు గుమిగూడుదురు. వానలు లేక సుగ్గికై గుంటూరు మిరప చేలకు వలసపోయిన కుటుంబములు, అచ్చట ఇరుకు గుడిసెలలో కలసి నివసించి తిరిగివత్తురు. యాత్రికులు క్యూలలో గంటల తరబడి నిలిచి వత్తురు. ప్రయాణము మానుట సాధ్యము కాదు. ఇంటికి వచ్చిన పిమ్మట జాగ్రత్తపడుట సాధ్యమే.

రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు వెలువడు తుంపరల వలన ఫ్లూ ముఖ్యముగ వ్యాపించును. ఆ తుంపరలు పడిన వస్తువును తాకి, ఆ చేతితో కన్ను, ముక్కు, నోరు ముట్టుకొన్నను అంటును. నున్నని గట్టి వస్తువులపై ఈ వైరస్ ఒకటి రెండు దినములు నిలువగలదు. జ్వరము కనిపించుటకు ఒక దినము ముందే రోగి ఇతరులకు దానిని అంటింపగలడు. కావున రోగము వచ్చిన పిదప చేయు శుభ్రత చాలదు, నిత్యము చేయవలెను.

ఎంగిలి యను భావము మన ఇండ్లలో చిరకాలముగ నున్నది. చెంబును పెదవికి తగిలింపక ఎత్తి పోసికొనుట, ఒకరు త్రాగిన పాత్రను కడుగక మరియొకరు వాడకుండుట ఫ్లూ దినములలో మేలుచేయు ఆచారములు. కాని స్నానముచేసి మడి కట్టుకొన్నవారు చేయి అడ్డముపెట్టి తుమ్మి, ఆ చేతితోనే తీర్థమిచ్చినచో ఆ మడి ఎవరిని రక్షించును? వస్త్రము శుచియే, చేయి శుచి కాదు. 2020 జూన్‌లో ఆలయములు తిరిగి తెరచినపుడు తీర్థప్రసాదములు ఇయ్యరాదని కేంద్ర ప్రభుత్వము సూచించినది ఇట్టి శంకతోనే. అట్లే, కల్లాపి దుమ్మును అణచును గాని వైరస్‌ను చంపునని తలపరాదు.

నీటి కొరత గల ఈ సీమలో చేతులు కడుగుటకు బిందెడు నీరు అక్కరలేదు. చెంబెడు నీరు, సబ్బు ముక్క చాలును. చేతులు తడిపి, సబ్బు పూసి, వ్రేళ్ళ సందులు, గోళ్ళు 20 సెకండ్లు రుద్ది కడుగవలెను. ఈ వైరస్‌పై క్రొవ్వు పొర యుండును. సబ్బు దానిని చీల్చును. ఒట్టి నీటికి ఆ శక్తి లేదు. తలుపు గడియ, దీపపు స్విచ్చి, ఫోను, కడవపై నుంచు చెంబు దినమున కొకసారి సబ్బునీటి గుడ్డతో తుడువవలెను. ఫోనుకు మాత్రము పిండిన గుడ్డ వాడవలెను. బండలను పొడి చీపురుతో ఊడ్చి దుమ్ము లేపక, తడిగుడ్డతో తుడుచుట మేలు. ఎంత తుడిచినను గాలి ఆడని ఇంట ఫ్లూ ఆగదు. కిటికీలను, మిద్దె గవాక్షమును పగటివేళ తెరచి యుంచవలెను.

జ్వరపడిన వారిని వేరు గదిలో, గది లేనిచో గాలి తగులు మూలన ఎడముగ పరుండబెట్టి, ఒక్కరే సేవ చేయవలెను. ఇద్దరును ముక్కు, నోరు మూయునట్లు మాస్కు ధరింపవలెను. ఇది వెలివేయుట కాదు. వేళకు గంజి, నీరు అందించుచు పలుకరించుచుండవలెను. ఊపిరాడకున్నను, ఛాతి నొప్పి కలిగినను, మాట తడబడినను, బిడ్డ పాలు త్రాగకున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వృద్ధులు, గర్భిణులు, మధుమేహము గలవారు ఏటేట వేయించుకొను ఫ్లూ టీకా గురించి వైద్యుని అడుగుట మంచిది.

యాత్ర ముగించి ఇల్లు చేరినవారు గడపలో కాళ్ళు కడుగుకొనుట మన ఆచారము. దానితోపాటు సబ్బుతో చేతులు కడుగుకొన్న పిదపనే పసిబిడ్డను ఎత్తుకొనుట, తల్లిదండ్రులకు ప్రసాదము పెట్టుట అలవరచుకొందురు గాక.